కోడి గోడ దూకుతోందా? కత్తెర పట్టుకునే ముందు ఇవి చూడండి

పెరటి కోళ్ళ గురించి మనం మాట్లాడుకుంటున్నాం కదా, ఈరోజు విషయం ఒక్కటే. కోడి గోడ దూకి పక్కింట్లోకి పోతోంది. దాన్ని ఎలా ఆపాలి?

వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. కానీ పక్కింటివాళ్ళతో మాటా మాటా పెరిగి కోళ్ళు అమ్మేసినవాళ్ళు నాకే నలుగురైదుగురు తెలుసు. కొత్తిమీర మడిలోకి ఒక్క పెట్ట దిగి అరగంట గీరిందంటే ఆ మడి ఇంక లేదనే అనుకోవాలి. విత్తనం పైకి తేలిపోతుంది, మొలక వేరుతో సహా వచ్చేస్తుంది. పక్కింటి పిన్నిగారు మొదటిరోజు నవ్వుతూ చెప్తారు, రెండోరోజు కొంచెం గట్టిగా చెప్తారు, మూడోరోజు చెప్పరు, రాయి తీసుకుంటారు. ఆవిడది తప్పని ఎలా అంటాం? ఆ మడికి నీళ్ళు పోసింది ఆవిడే కదా.

ఇంకో సంగతి. గోడ దాటిన కోడి తిరిగి వస్తుందని గ్యారంటీ లేదు. వీధిలో కుక్క ఉంటుంది, బండి వస్తుంది. అవతలివాళ్ళ కోళ్ళకి కొక్కెర తెగులు ఉంటే అది మన గూటికి కూడా వచ్చేస్తుంది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది, గుర్తుందా? అలాంటప్పుడు మన కోళ్ళు మన దొడ్డిలోనే ఉండాలి. ఊరంతా తిరిగే కోడికి ఏం తగులుకుందో మనకి తెలిసేలోపే ఆలస్యమైపోతుంది.

సరే, ఎలా ఆపాలి అంటే చాలామంది వెంటనే చెప్పేది "రెక్క కత్తిరించెయ్". అది కూడా చూపిస్తాను, ఎలా చెయ్యాలో వివరంగా చెప్తాను. కానీ అది చివరి మెట్టు. కోడి ఊరికే సరదాకి గోడ దూకదు. అవతల ఏదో కావాల్సి దూకుతుంది, లేదా ఇవతల ఏదో పడక దూకుతుంది. ఆ కారణం అలాగే ఉంచేసి రెక్క కత్తిరిస్తే, కొన్ని కోళ్ళు గోడ మీదికి ఎక్కే వేరే దారి వెతుక్కుంటాయి. ఎక్కలేనివి దొడ్డిలోనే నలిగిపోతాయి.

ముందు కోడి ఎంతవరకు ఎగరగలదో తెలుసుకుందాం. మన నాటుకోడికి మూలం ఎర్ర అడవికోడి. మన తూర్పు కనుమల అడవుల్లో కూడా అది ఉంది. పగలంతా నేల మీద గీరుకుంటూ తింటుంది, చీకటి పడేసరికి చెట్టెక్కి పడుకుంటుంది. నక్క, పిల్లి లాంటివాటి నుంచి దానికి అదే రక్షణ. అంటే కోడి రెక్క పావురంలా ఊళ్ళు దాటడానికి కాదు, ఒక్క ఊపులో పైకి లేవడానికి.

ఇది మీ ప్లేటులోనే కనిపిస్తుంది. చికెన్ తినేటప్పుడు బ్రెస్ట్ పీస్ తెల్లగా ఉంటుంది, లెగ్ పీస్ కొంచెం ఎర్రగా ఉంటుంది. ఛాతీలో ఉండేవి రెక్క కొట్టే కండరాలు. తెల్ల కండరానికి ఒక్కసారిగా బలం వస్తుంది, కానీ వెంటనే అలసిపోతుంది. కాళ్ళ కండరం రోజంతా నడవడానికి పనికొచ్చేది, అందుకే ఎరుపు. పావురం ఛాతీ చూడండి, ముదురు ఎరుపు. అది గంటలకొద్దీ ఎగురుతుంది. కోడి మాత్రం కొద్ది క్షణాలే.

ఇందులోంచి మనకి పనికొచ్చే పాయింట్ ఒకటుంది. కోడి చాలావరకు గోడ "మీదుగా" ఎగిరిపోదు. గోడ "మీదికి" ఎగురుతుంది. అక్కడ వాలుతుంది, అటూ ఇటూ చూస్తుంది, ఆ తర్వాత అవతలికి దూకుతుంది. అంటే దానికి రెండు కావాలి. కింద నుంచి లేవడానికి ఒక మెట్టు, పైన వాలడానికి గట్టి అంచు. ఈ రెండూ తీసేస్తే సగం కోళ్ళు అక్కడే ఆగిపోతాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

అన్ని కోళ్ళూ ఒకేలా ఎగరవు. బరువు చూడాలి. సన్నటి నాటుపెట్ట ఐదారు అడుగుల గోడ సులువుగా ఎక్కేస్తుంది. తెల్ల లెగ్‌హార్న్ కూడా తేలిక కోడే, బాగా ఎగురుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న కేంద్ర కోళ్ళ పరిశోధన సంస్థ నుంచి వచ్చిన వనరాజా కొంచెం బరువైన రకం, పెరిగాక అంత ఎత్తు లేవదు. అదే సంస్థ ఇచ్చిన గ్రామప్రియ గుడ్ల కోసం తీసిన రకం, ఒళ్ళు తేలిక, కాబట్టి దాని మీద ఒక కన్నేసి ఉంచాలి. బాగా మేపిన అసీల్ పుంజు బరువు మీద ఎగరదు అనుకుంటాం, కానీ అవతల ఇంకో పుంజు కూసిందంటే దానికి ఎక్కడ లేని ఊపు వస్తుంది. ఇంకోటి, ఏ రకమైనా రెండు మూడు నెలల పిల్ల చాలా బాగా ఎగురుతుంది. రెక్కలు వచ్చేశాయి, ఒళ్ళు ఇంకా రాలేదు. "చిన్నవే కదా" అని వదిలేయకండి.

ఇప్పుడు అసలు పని. కారణం కనిపెట్టడం. దీనికి మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు. పాత ఫోన్ ఏదైనా ఉంటే దాన్ని కిటికీలో పెట్టి, గోడ మొత్తం కనిపించేలా టైమ్‌లాప్స్ ఆన్ చేయండి. పొద్దున కోళ్ళని వదిలిన దగ్గర్నుంచి పదకొండింటి దాకా ఒకసారి, సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా ఒకసారి. రెండ్రోజులు తీయండి. మూడు విషయాలు చూడండి. ఏ కోడి దూకుతోంది? ఎన్నింటికి దూకుతోంది? ఎక్కడి నుంచి లేస్తోంది? నూటికి నూరుపాళ్ళు కాకపోయినా, టైమ్ చూస్తేనే కారణం చాలావరకు తెలిసిపోతుంది.

పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య ఒక్క పెట్ట మాత్రమే వెళ్ళి, గంట గంటన్నరలో తిరిగి వస్తోందంటే, అది గుడ్డు పెట్టడానికి పోతోంది. మా దొడ్లో ఒక నల్లపెట్ట ఇలాగే చేసేది. రోజూ ఒకే టైముకి మాయం. మా అమ్మ "అది గుడ్లు మానేసింది, కూరకి తీసేద్దాం" అంది. నాకు మాత్రం దాని జుట్టు చూస్తే అనుమానం. జుట్టు ఎర్రగా నిండుగా ఉంది, అంటే గుడ్లు పెడుతున్న కోడే. ఒకరోజు వెనకే వెళ్ళాను. పక్కింటి గడ్డివాము చాటున చక్కగా గుంట చేసుకుని పదకొండు గుడ్లు పెట్టుకుంది. ఇంకొన్నాళ్ళు ఆగితే పొదిగి పిల్లల్ని వెంటేసుకుని వచ్చేదేమో. మా దొడ్లో దానికి చాటు లేక అక్కడికి పోయింది, అంతే.

దానికి చేసింది చాలా సింపుల్. ఒక పాత గంపలో గడ్డి వేసి, గూటి మూల చీకటిగా ఉన్నచోట పెట్టాం. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉంటే చాలు. నాలుగైదు పెట్టలకి ఒక గూడు చొప్పున లెక్కేసుకోండి. అందులో ఒక గుడ్డు లాంటిది, తెల్లటి నున్నటి రాయైనా పర్లేదు, పెట్టి ఉంచండి. కోడి గుడ్డు ఉన్నచోటే గుడ్డు పెట్టడానికి ఇష్టపడుతుంది. ఒక వారం పాటు దాన్ని పొద్దున పది, పదకొండు దాకా గూట్లోంచి వదలకండి. చాలా కోళ్ళు ఆలోపే గుడ్డు పెట్టేస్తాయి. వారంలో అలవాటు మారిపోతుంది. మా నల్లపెట్ట ఇప్పటికీ గంపలోనే పెడుతోంది. దాని రెక్క మేం ముట్టుకోలేదు.

సాయంత్రం పొద్దుగూకే వేళ ఎక్కుతున్నాయా? ఐతే అవి పడుకోవడానికి ఎత్తు వెతుక్కుంటున్నాయి. అడవికోడి బుద్ధి అది. మీ గూట్లో కర్ర నేలకి జానెడు ఎత్తులో ఉండి, గోడ ఐదడుగుల ఎత్తులో ఉంటే, కోడి గోడకే ఓటేస్తుంది. గోడ మీద నుంచి పక్కింటి జామచెట్టు, అక్కడి నుంచి తెల్లారి అవతలి దొడ్డి. దీనికి మందు ఏంటంటే, గూడు లోపల రెండు మూడు అడుగుల ఎత్తులో గట్టి కర్ర కట్టండి. ఒక్కో కోడికి ముప్పావు అడుగు చోటు వచ్చేలా చూసుకోండి. వేసే గింజల్లో కొంచెం సాయంత్రానికి దాచి, ఐదున్నరకి గూట్లోనే చల్లండి. కోడికి గింజల డబ్బా చప్పుడు తెలుసు. నాలుగు రోజులు అదే టైముకి అదే చప్పుడు చేస్తే, ఆ తర్వాత మీరు పిలవక్కర్లేదు, అవే వచ్చి నిలబడతాయి.

రోజంతా ఎప్పుడు పడితే అప్పుడు పోతున్నాయా? ఐతే ఇవతల చోటు చాలట్లేదు, లేదా పని లేదు. కోడికి తిండి ఒక్కటే సరిపోదు, గీరడానికి ఏదో ఉండాలి. గచ్చు చేసిన పెరట్లో, సిమెంట్ మేడ మీద అది ఏం గీరుతుంది? బయట తిరిగే చోటు కోడికి పది చదరపు అడుగులైనా ఉండాలని సాధారణంగా చెప్పే లెక్క. అంటే పది కోళ్ళకి పది అడుగులు పొడవు, పది అడుగులు వెడల్పు. అంతకంటే ఇరుగ్గా ఉంటే గోడ ఎంత లేపినా లాభం లేదు. ఒక మూల ఎండుటాకులు, పశువుల ఎరువు పోగు వేయండి, పురుగుల కోసం రోజంతా అక్కడే ఉంటాయి. ఇంకో మూల బూడిద, పొడిమట్టి కలిపి పోయండి, అందులో పొర్లుతాయి. అది వాటికి స్నానం, ఒంటి మీద పేలు కూడా తగ్గుతాయి. తోటకూర కట్ట ఒకటి తాడుతో కోడి తల ఎత్తులో వేలాడదీయండి. పక్కింటి మడిలో దొరికేది ఇక్కడే దొరికితే గోడతో పనేముంది?

ఒక పెట్ట మాత్రం భయంతో దూకుతోందా? వెనక పుంజు తరుముతోందేమో చూడండి. పుంజుకి ఎనిమిది పది పెట్టలు ఉండాలి. మూడు పెట్టలకి ఇద్దరు పుంజులుంటే ఆ పెట్టల వీపు మీద ఈకలు కూడా మిగలవు. అలాంటిచోట దూకే పెట్టది తప్పు కాదు, తీసేయాల్సింది రెండో పుంజుని.

సంతలో కొత్తగా కొన్న కోళ్ళ సంగతి వేరు. వాటికి ఇది ఇల్లని తెలీదు. తెచ్చిన రోజే వదిలేస్తే గోడ దాటి ఎటు పోతాయో వాటికే తెలీదు. మన పెద్దవాళ్ళు ఏం చేసేవాళ్ళు? గంప కింద మూసేవాళ్ళు. అందులో పెద్ద తెలివి ఉంది. ఇప్పుడు వారం రోజులు గూట్లోనే ఉంచి, మేత, నీళ్ళు అక్కడే పెట్టండి. ఆ తర్వాత వదిలేటప్పుడు సాయంత్రం చీకటి పడడానికి గంట ముందు వదలండి. దూరం పోయే టైమ్ ఉండదు, చీకటి పడగానే తెలిసిన గూటికే వస్తాయి.

ఇప్పుడు రెండో మెట్టు, గోడ. ముందు చెప్పాను కదా, లేవడానికి మెట్టు, వాలడానికి అంచు. ఫోన్ వీడియోలో చూస్తే మీకే తెలుస్తుంది, కోడి నేల మీద నుంచి నేరుగా గోడెక్కడం తక్కువ. కట్టెల మోపు, నీళ్ళ డ్రమ్ము, బట్టలుతికే బండ, పార్క్ చేసిన స్కూటీ సీటు, ఇవన్నీ దానికి మెట్లే. గోడకి ఆరడుగుల దూరం లోపల ఏదీ లేకుండా జరిపేయండి. చెట్టు కొమ్మ గోడ మీదికి వాలి ఉంటే ఆ కొమ్మ కొట్టేయండి. దీనికి పైసా ఖర్చు లేదు, కానీ చాలా ఇళ్ళలో ఈ ఒక్క పనితోనే గొడవ సగం తగ్గుతుంది.

అంచు సంగతి. ప్రహరీ గోడ పైన వెడల్పుగా ఉంటుంది, కోడికి అది చక్కటి అరుగు. అక్కడ మేకులు కొట్టి ఒకటిన్నర, రెండడుగుల వల కట్టండి, దొడ్డి లోపలికి కొంచెం వాలేలా. బిగించి కట్టకండి, కొంచెం వదులుగా ఉంచండి. కోడి కాలు పెడితే ఊగాలి. ఊగేదాని మీద కోడి నిలబడదు. పాత చేపల వల దొరికితే అదే చాలు, సముద్రం పక్క ఊళ్ళవాళ్ళకి అది సులువుగా దొరుకుతుంది. లేకపోతే నర్సరీల్లో వాడే గ్రీన్ షేడ్ నెట్. కానీ వల నేల దాకా వేలాడనివ్వకండి. పాములు, తొండలు అందులో చిక్కుకుంటాయి. పాము చిక్కుకున్న వల దగ్గరికి పొద్దున్నే చెయ్యి పెట్టేది మీరే.

కొత్తగా కంచె వేసేవాళ్ళైతే, పైన కర్రగానీ ఇనప పైపుగానీ అడ్డంగా పెట్టకండి. జాలీ పైఅంచు అలాగే వదిలేయండి. అడ్డకర్ర కోడికి కనిపించే టార్గెట్, ఉత్త జాలీ ఐతే ఎక్కడ వాలాలో దానికి తెలీదు. బరువు రకాలకి నాలుగడుగులు సరిపోతుంది, నాటుకోళ్ళకి ఆరడుగులు వేయండి. కింద అడుగు ఎత్తు వరకు సన్న కన్నాల జాలీ వేయండి, లేదంటే పిల్లలు దాంట్లోంచి దూరిపోతాయి, ముంగిస లోపలికి వస్తుంది. వెదురు దడి, తాటాకు దడి కూడా బాగా పనిచేస్తాయి. వాటికి ఇంకో లాభం ఉంది. అవతల ఏముందో కోడికి కనిపించదు. కనిపించని దానికోసం ఆరాటం తక్కువ.

ఒక్కటి మాత్రం వద్దు. గోడ మీద గాజుపెంకులు. మన ఊళ్ళలో దొంగల కోసం పెడతారు కదా, కోళ్ళు కూడా రావని కొందరు అనుకుంటారు. కోడి వస్తుంది. అరికాలు కోసుకుంటుంది. ఆ గాయం నేల మీద మట్టి, పెంట తగిలి చీము పట్టి, కాలు వాచి, కుంటుతూ ఉంటుంది. పాదం గాయం మానడం చాలా కష్టం.

హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల మేడ మీద పెంచేవాళ్ళు ఇది బాగా వినండి. మీ పిట్టగోడ మూడడుగులే. అక్కడ కోడి దూకితే పక్కింట్లో కాదు, రోడ్డు మీద పడుతుంది. కిందికి దిగేటప్పుడు రెక్కలు కొట్టుకుంటుంది కాబట్టి బతకొచ్చు, కానీ కింద బండ్లు, కుక్కలు. మేడ మీద ఐతే ఇంకో ఆలోచన వద్దు. పైన కూడా పూర్తిగా వల వేసిన గూడు ఉండాలి. పైన వల ఉంటే గద్ద, కాకి బాధ కూడా ఉండదు.

ఇవన్నీ చేశాక కూడా ఒకటో రెండో మొండి కోళ్ళు ఉంటాయి. వాటికోసం మూడో మెట్టు, రెక్క కత్తిరించడం. ఇప్పుడు చూపిస్తాను, జాగ్రత్తగా చూడండి.

మొదట, ఎప్పుడు పట్టుకోవాలి? రాత్రి, గూట్లో పడుకున్నాక. పగలు తరిమి పట్టుకుంటే అది బెదిరిపోతుంది, మళ్ళీ మీ దగ్గరికి రాదు. ఇద్దరు ఉండండి. ఒకరు కోడిని తువ్వాలుతో చుట్టి చంకలో పెట్టుకోవాలి, మరీ బిగించకూడదు, ఛాతీ కదిలితేనే కోడికి ఊపిరి ఆడుతుంది. రెండోవాళ్ళు ఒక్క రెక్క బయటికి తీసి విసనకర్రలా విప్పాలి. ఇదిగో, ఇలా.

చూడండి, చివర నుంచి లెక్కపెడితే పది పొడవాటి ఈకలు ఉన్నాయి. రెక్క ముడిచినప్పుడు ఇవి లోపలికి దాక్కుంటాయి, విప్పితేనే కనిపిస్తాయి. కోడిని ముందుకి తోసేవి ఇవే. వీటి తర్వాత ఒంటి వైపు ఉండే ఈకలు ముట్టుకోకండి. అవి ఒంటిని కప్పి వానకీ చలికీ కాపాడతాయి.

ఇప్పుడు ఈక కాడ చూడాలి. లైటు పెట్టి చూడండి, ఫోన్ టార్చ్ చాలు. కాడ తెల్లగా, బోలుగా ఉంటే అది పెరగడం అయిపోయిన ఈక. దాన్ని కోస్తే మన గోరు కత్తిరించినట్టే, నొప్పి ఉండదు. కాడ నల్లగానో, నీలంగానో, లోపల తడిగానో ఉంటే అది ఇంకా పెరుగుతున్న ఈక. అందులో రక్తం ఉంటుంది. దాన్ని కోయకూడదు. రెండు మూడు అలాంటివి ఉంటే వాటిని వదిలేసి మిగతావి చేయండి. అన్నీ అలాగే ఉంటే కోడిని గూట్లో పెట్టేసి కొన్ని వారాలు ఆగండి.

పదునైన కత్తెరతో, పైన కప్పి ఉన్న చిన్న ఈకల వరస కిందనుంచి ఈ పది పొడవాటి ఈకలని ఒక్కొక్కటిగా కోయండి. మరీ మొదటికి వెళ్ళకండి, కొంచెం కాడ మిగలాలి. ఒక్క రెక్కకే చేయాలి. ఇది చాలామందికి వింతగా ఉంటుంది. రెండు రెక్కలూ సమానంగా కోస్తే కోడి తక్కువ ఎత్తైనా నిటారుగా లేవగలదు. ఒక్కటే కోస్తే ఒకవైపు తూగుతుంది, పైకి లేవలేక పక్కకి తిరిగిపోతుంది. అందుకే ఒక్క రెక్క.

పొరపాటున రక్తం వస్తే కంగారు పడకండి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి, పైన పసుపు అద్దండి. ఆ కోడిని విడిగా ఉంచండి. ఎర్రగా కనిపిస్తే మిగతా కోళ్ళు పొడిచి పొడిచి గాయం పెద్దది చేస్తాయి. ఆగకపోతే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఈక కోయడం వేరు, రెక్క కొన కోయడం వేరు. ఎముక ఉన్న భాగం జోలికి ఎట్టి పరిస్థితిలోనూ వెళ్ళకూడదు. అది హింస, ఇంకో మాట లేదు. రెక్కలు రెండూ తాడుతో కట్టేయడం, కాలికి తాడేసి రోజంతా రాటకి కట్టడం కూడా వద్దు. తాడు కండలోకి దిగుతుంది, కుక్క వస్తే కోడికి పారిపోయే దారి ఉండదు.

ఇది శాశ్వతం కాదు. కోడి ఏడాదికి ఒకసారి పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటుంది. అప్పుడు మళ్ళీ ఎగురుతుంది, మళ్ళీ చూడాలి. ఐదు నెలల లోపు పిల్లలకి ఈకలు తొందర తొందరగా మారుతుంటాయి కాబట్టి వాటికి కోసి లాభం లేదు, వాటికి వల ఒక్కటే దారి.

ఇప్పుడు అసలు ముఖ్యమైన మాట. రెక్క ఈకలు కోశామంటే, ఆ కోడికి ఉన్న ఒకే ఒక్క ఆయుధం మనం తీసుకున్నాం. కుక్క వచ్చినా, పిల్లి వచ్చినా అది ఇంక చెట్టెక్కలేదు. కాబట్టి దాని కాపలా ఇకనుంచి మన బాధ్యత. రాత్రిపూట తలుపు వేసే గూడు లేని ఇంట్లో రెక్క కోయకండి. దొడ్డిలోకి వీధికుక్కలు వచ్చే చోట కోయకండి. పిల్లలతో తిరుగుతున్న తల్లికోడికి కోయకండి. గద్ద దిగితే ఎగిరి మీద పడేది ఆ తల్లే. కోసిన కోళ్ళకి గూట్లో కర్ర అడుగున్నర ఎత్తుకి దించండి. ఎక్కలేక, దిగేటప్పుడు దబ్బున పడి కాళ్ళు దెబ్బ తగిలించుకుంటాయి.

ఇక పక్కింటివాళ్ళ సంగతి. గోడ పని పూర్తయ్యేదాకా వారం, పది రోజులు పడుతుంది. ఆ పది రోజులూ మీరే ముందు వెళ్ళి చెప్పండి. "పిన్నిగారూ, వల కడుతున్నాం, ఈ వారం గూట్లోనే పెడతాం, ఏదైనా వస్తే ఒక్క ఫోన్ చేయండి, నేనే వచ్చి పట్టుకుంటాను" అని నంబర్ ఇవ్వండి. పాడైన మడికి విత్తనాలు కొనివ్వండి. నాలుగు గుడ్లు పట్టుకెళ్ళండి. కోడి ధర కంటే, పక్కనే ఉండే మనుషులతో మాట పోవడం ఎక్కువ నష్టం. రేపు మనం ఊళ్ళో లేనప్పుడు గూటి తలుపు వేసేది కూడా ఆ పిన్నిగారే.

సరే, ఇక్కడ ఒక స్క్రీన్‌షాట్ తీసుకోండి. మొదటి రెండ్రోజులు ఫోన్‌తో వీడియో, ఏ కోడి, ఏ టైము, ఎక్కడి నుంచి. మూడోరోజు గోడ పక్క సామాన్లు జరపడం. నాలుగోరోజు గుడ్ల గంప, ఎత్తు కర్ర, ఎరువు పోగు. ఆ తర్వాత వారం, పదకొండింటి దాకా కోళ్ళని వదలకపోవడం, సాయంత్రం గింజల చప్పుడు. ఈలోపు గోడ మీద వల. ఇవన్నీ అయ్యాక కూడా దూకే కోడి ఉంటే, గూటికి తలుపు గట్టిగా ఉంటే, అప్పుడు ఒక్క రెక్క, పది ఈకలు.

మీ ఇంట్లో గోడ దూకే కోడి ఉంటే రేపు పొద్దున్నే కత్తెర వెతకకండి. ముందు ఫోన్ చార్జింగ్ పెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో పొదుగు కోడి కింద ఎన్ని గుడ్లు పెట్టాలి, ఎలాంటి గుడ్లు పెట్టాలి అనేది చూద్దాం. అప్పటిదాకా సెలవు, నమస్తే.